ప్రతియా, మరమ్మతా? — ఒక సంవాదము

కడపసీమలో చరిత్రోపన్యాసకుడుగా పనిచేసి విశ్రాంతి గైకొన్న యొక పెద్దమనిషి, కలమళ్ళ, ఎర్రగుడిపాడు మొదలుగాగల రేనాటి గ్రామములు తిరిగి, గుడిగోడలమీదను చెరువుకట్టలమీదను పొలముగట్లమీదను కనబడిన శిలాశాసనములకు తీసిన ఛాయాచిత్రములన్నింటిని ఒక టెరాబైటు హార్డ్ డిస్కులో దాచుకొనియుండెను. ఆ డిస్కు ఇటీవల మందగించినది. ఫోల్డరు తెరచుకొనుటకు నిమిషములు పట్టుచున్నది; కొన్ని చిత్రములు సగమువరకు వచ్చి, క్రిందిసగము బూడిదరంగు పట్టీగా మిగులుచున్నవి; నడుమనడుమ లోపలినుండి టిక్కుటిక్కుమను చప్పుడు వినవచ్చుచున్నది. కంప్యూటరు మాత్రము తెరమీద, ఈ డ్రైవులో లోపమున్నది, పరీక్షించి సరిచేయుదునా యని యడుగుచున్నది. సరే యని నొక్కబోవుచున్న మేనమామను, హైదరాబాదులో డేటా రికవరీ పనిచేయు మేనల్లుడు వారించెను. ఇరువురును తమతమ మాట విడువనివారే. వారి సంవాదమిది.

మేనమామ: యంత్రము తన లోపమును తానే కనిపెట్టి, దానిని సరిచేయుటకు యజమాని యనుమతి కోరుచుండగా, వలదని చేయి పట్టుకొనుట ఏ న్యాయము నాయనా? దానిని నిర్మించినవారు దాని మర్మమును నీకంటె నెక్కువ యెరిగినవారే కదా! నా శ్రమనంతయు నమ్మి దాని కప్పగించితిని. ఇప్పుడు దాని మాటయే నమ్మవలదనుచున్నావు.

మేనల్లుడు: వారెరుగరని నేననలేదు మామయ్యా. కాని వారు సరిచేయుదుమన్నది మీ చిత్రములను గాదు, డిస్కులోని పద్దులను. ఏ ఫైలు ఏ చోటనున్నదో తెలుపు పట్టిక యొకటి ప్రతి డిస్కులోను ఉండును; మీ డిస్కు ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిది గనుక దానికి మాస్టర్ ఫైల్ టేబుల్ అని పేరు. మీరు మీట నొక్కినంతనే చెక్‌డిస్క్ అను ప్రోగ్రాము పూనుకొని, ఆ పట్టికకును లోపలి నిల్వకును పొంతన చూచును. పొంతన కుదరనిచోట పద్దును కొట్టివేయును. ఏ పద్దుకును చెందని ముక్కలను అంకెల పేర్లతో వేరొక ఫోల్డరులో పోగువేయును. కరెంటు హఠాత్తుగా పోయి పద్దులు తారుమారైనను డిస్కు నిక్షేపముగా నున్నప్పుడు ఇది మేలైన పనియే. ఇప్పుడు చెడినది పద్దు గాదు, పద్దును చదువు సాధనము. తప్పుగా చదివినదానిని సత్యమని గ్రహించి, ఆ గ్రహింపుతో అదే డిస్కుమీద వ్రాయబూనిన ప్రోగ్రాము చేయు దిద్దుబాటును మరల దిద్దు మార్గము లేదు.

మేనమామ: చెడిన భాగములకు బదులుగా వాడుకొనుటకై డిస్కులోనే కొంత చోటు మిగిల్చి యుంచుదురని వింటిని. ఆ యేర్పాటు చేసినది ఇటువంటి దినముకొరకే గదా? దానిని వినియోగించుకొననీయక అడ్డుపడుటలో ప్రయోజనమేమి?

మేనల్లుడు: ఆ చోటున్నమాట నిజము, అది యెప్పుడు వినియోగపడునో వినుడు. డిస్కులోని సమాచారము సెక్టార్లుగా విభక్తమై యుండును. 512 బైట్ల లెక్కన టెరాబైటు డిస్కులో 195,35,25,168 సెక్టార్లుండును. ప్రతి సెక్టారు వెంటను దోషనివారణకై కొంత సంకేతము కూడ వ్రాయబడియుండును. కొద్దిపాటి తప్పులు దొరలినచో డిస్కు ఆ సంకేతము సాయమున తనంతట తానే దిద్దుకొనును. తప్పులు మితిమీరినప్పుడు మరల మరల చదివి చూచి, సాధ్యముగానిచో ఆ సెక్టారును పెండింగు జాబితాలో చేర్చి యూరకుండును. తరువాత ఎప్పుడో ఆ సెక్టారుమీద క్రొత్తగా వ్రాయవలసివచ్చినప్పుడే దాని విచారణ జరుగును: క్రొత్త వ్రాత అక్కడ నిలిచినచో సరి, నిలువనిచో మిగులుచోటికి మరలింపబడును. ఎటు జరిగినను పాత వ్రాత పోయినట్లే. డిస్కునకు రేపు వ్రాయబోవునది నిలుచునా యన్నదే చింత. నిన్న వ్రాసినది దక్కునా యన్నది మన చింత. ఈ రెండును ఒకటే యనుకొనుటవలననే జనులు చేజేతుల నష్టపోవుచున్నారు.

మేనమామ: సరి, వ్రాయరాదందువు; చదువుటకైన నభ్యంతరమా? ఆ డిస్కులో పెండ్లి వీడియోలు, సినిమాలు, పాత జీతపు కాగితములు ఎన్నెన్నియో కలవు. అవి యేమైనను నాకు విచారము లేదు. నాకు కావలసినవి నాలుగు ఫోల్డర్లు. వానిని తెరచి క్రొత్త డిస్కులోనికి లాగివేసినచో పని ముగియును గదా!

మేనల్లుడు: చదువుటకును వెలయున్నది మామయ్యా. ఈ చిన్న డిస్కులోని పళ్ళెరములు నిమిషమునకు 5400 మారులు తిరుగును. అనగా అంచువద్ద గంటకు సుమారు 65 కిలోమీటర్ల వేగము. ఆ వేగముతో పోవు పళ్ళెరముమీద చదువు హెడ్డు కొన్ని నానోమీటర్ల యెత్తున, గాలిపొర యాధారముగా నిలిచియుండును. మనిషి వెండ్రుక మందము ఇంచుమించు 80,000 నానోమీటర్లని యెంచినచో, ఆ యెడమెంత సూక్ష్మమో మీకే బోధపడును. హెడ్డు బలహీనపడినప్పుడు అది తిరుగు ప్రతి నిమిషమును మిగిలిన యాయువులోనుండి తీసిన వ్యయమే. మీరు ఫోల్డరు తెరచినారనుకొనుడు: కంప్యూటరు మీరడిగినదానితో నూరకుండదు. ప్రతి చిత్రమునకును చిన్న బొమ్మ తయారుచేయుటకై అన్నింటిని చదువనారంభించును. యాంటీవైరస్ తన సోదా తాను చేయును. వెదకులాట సౌకర్యమునకై మరియొక ప్రోగ్రాము సూచిక కట్టబూనును. చెడిన సెక్టారు తగిలినచోట అందరును అక్కడనే పదేపదే పట్టుపట్టుదురు. హెడ్డు ఈ చివరనుండి ఆ చివరకు పరుగులెత్తి, మీ నాలుగు ఫోల్డర్లు చేతికందకమునుపే నిలిచిపోవచ్చును.

మేనమామ: అయినచో నీ సిద్ధాంతమేమి? వ్రాయరాదు, తెరువరాదు, పూజామందిరములో పెట్టి దండము పెట్టుకొందునా?

మేనల్లుడు: మీరు అడవిలో శాసనము కనబడినప్పుడు చేయు పనియే నా సిద్ధాంతము. అక్షరము అరిగినదని ఉలితో చెక్కి స్పష్టపరతురా? రాతిముందు కూర్చుండి అక్కడికక్కడే అర్థనిర్ణయమునకు దిగుదురా? రాతిని కుంచెతో తుడిచి, తడి కాగితము పరచి, బ్రష్షుతో కొట్టి అక్షరముల గుంటలలోనికి కాగితమును దించి, పైన మసి యద్ది, ముందు ఎస్టాంపేజీ తీసికొందురు. చదువు, వాదము, సవరణ అన్నియు ఆ పిమ్మట ఇంటివద్ద, కాగితముమీద. ఇక్కడను అంతే. డిస్కులో ఏ ఫైలున్నది, ఏది మంచిది, ఏది చెడినది అను విచారణ పెట్టుకొనక, మొదటి సెక్టారునుండి కడపటి సెక్టారు వరకు ఉన్నదున్నట్లు వేరొక డిస్కులోనికి ప్రతి తీయవలెను. ఆ ప్రతికి మరియొక ప్రతి తీసి, చెక్‌డిస్క్ కానిండు, టెస్ట్‌డిస్క్ అను మరియొక ప్రోగ్రాము కానిండు, మరమ్మతులన్నియు దానిమీద చేయవలెను. తప్పు జరిగినను మొదటి ప్రతి యుండును. మూలము జోలికి పోనక్కరలేదు.

మేనమామ: మాట బాగుగనే యున్నది. కాని చెడిన సెక్టారువద్ద డిస్కు పట్టుపట్టునని నీవే యంటివి. మొదటినుండి వరుసగా పోవు నీ ప్రతిలేఖకుడు మాత్రము అక్కడ చిక్కుకొనడా?

మేనల్లుడు: చిక్కుకొనని రీతిగా వ్రాసిన ప్రోగ్రామే జీఎన్‌యూ డీడీరెస్క్యూ. ఆంటోనియో డియాజ్ డియాజ్ అను నాతడు రచించి 2004 నుండి అందరకు ఉచితముగా నిచ్చుచున్నాడు. సాధారణమైన కాపీ ప్రోగ్రాము దోషము తగిలినచోట నిలిచిపోవును, లేదా అక్కడనే కాలము వ్యయపరచును. ఇది యట్లుగాక, దోషము తగిలినంతనే ఆ ప్రాంతమును విడిచి ముందునకు దుమికి, సులభముగా వచ్చునదంతయు తొలుత రాబట్టుకొనును. మరుసటి విడతలో విడిచిన ప్రాంతముల అంచులను రెండువైపులనుండియు కొలిచి, దోషము ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసినదో తేల్చుకొనును. ఆ తరువాతనే నడుమ మిగిలిన దానిని సెక్టారు సెక్టారుగా గీకి తీయును. మనము కోరినచో రానివానిని మరల ప్రయత్నించును, వెనుకనుండి ముందునకు చదివియు చూచును. చేసిన పని యంతయు మ్యాప్‌ఫైల్ అను పద్దులో వ్రాసికొనును: వచ్చినవానికి కూడిక గుర్తు, రానివానికి తీసివేత గుర్తు. నడుమ డిస్కు వేడెక్కెనేని ఆపి, మరునాడు అదే చోటనుండి సాగింపవచ్చును. ఈ క్రమమెందుకో లెక్క చూడుడు. ఆరోగ్యమైన డిస్కు సెకనుకు నూరు మెగాబైట్లు ఇచ్చినచో టెరాబైటు మూడు గంటలలో వచ్చును. చెడిన సెక్టారొక్కటి అయిదు సెకనులు పట్టుపట్టినచో, పదివేల సెక్టార్లకు దాదాపు 14 గంటలగును. వచ్చునది కేవలము అయిదు మెగాబైట్లు, అనగా మీ చిత్రమొకటి. ఆ యొక్క చిత్రముకొరకు ముందుగా పదునాలుగు గంటలు వెచ్చించి, హెడ్డు నశించిన పిమ్మట మిగిలిన వేల చిత్రములను పోగొట్టుకొనుటయా?

మేనమామ: ఇప్పుడు నీ యుపమానముతోనే నిన్ను పట్టెదను, వినుము. ఎస్టాంపేజీ మాట యెత్తితివి గనుక చెప్పుచున్నాను. నాలుగు పలకల శాసనమున్నది. సంచిలో కాగితములు రెండే మిగిలినవి. ఆకాశమున మబ్బు పట్టినది. అప్పుడు నేను మొదటి పలక మొదటి పంక్తినుండి వరుసగా పోవుదునా? పోను. ప్రశస్తి శ్లోకములు మరియొక చోట దొరకును. శాపవాక్యములు అన్నిచోట్లను ఒక్కతీరుననే యుండును. రాజు పేరు, శకవర్షము, దానమిచ్చిన భూమి యెల్లలు ఉన్న పలక యేదో ఆ పలకకే ముందు కాగితము పరతును. నీ వరుసక్రమము సర్వసమత్వమును పాటించును. కాని ఆ సమత్వమువలన సినిమా పాటకును రేనాటి శాసనమునకును ఒకే మర్యాద జరుగుచున్నది. అల్పాయువని నీవే నిర్ణయించిన వస్తువునుండి ఏది ముందు తీసికొనవలెనో చెప్పవలసినవాడు యజమాని గాక ప్రోగ్రామా?

మేనల్లుడు: ఇది త్రోసివేయరాని వాదము. హెడ్డు క్షణక్షణమునకు క్షీణించుచున్న డిస్కుల విషయమున మా పనివారును అట్లే చేయుదురు. అయితే ఒక నియమము: ఎన్నిక మీది కావచ్చును, చదువుట మాత్రము ఫోల్డరు తెరచి కాదు. డిస్కును విండోస్‌కు తగిలింపక, లైనక్స్‌లో మౌంటు చేయక, కేవలము సెక్టార్ల వరుసగానే చూడవలెను. తొలుత మాస్టర్ ఫైల్ టేబుల్ ఉన్న సెక్టార్లను ప్రతి తీసి, ఆ ప్రతిని పరిశీలించి, మీ నాలుగు ఫోల్డర్ల చిత్రములు ఏయే సెక్టార్లలో నున్నవో పట్టిక వ్రాసికొని, ఆ భాగములనే ముందు చదువుమని డీడీరెస్క్యూకు చెప్పవచ్చును. అవి ముగిసిన పిమ్మట నిండిన చోట్లు, కడపట ఖాళీ చోట్లు. కాని ఆ పట్టికయే చెడిన భాగమున నున్నచో మీ యెన్నికకు ఆధారము లేదు. అప్పుడు వరుసక్రమమే గతి.

మేనమామ: అట్లొప్పుకొనుము. ఇంకొక మాట. ఇంతటి యంత్రము ముందుగా ఒక హెచ్చరికయైన ఇయ్యకూడదా?

మేనల్లుడు: ఇయ్యవలెననియే స్మార్ట్ అను ఏర్పాటు పెట్టిరి, మార్చిన సెక్టార్లెన్ని, పెండింగులో నున్నవెన్ని యను లెక్క దానిలో కనబడును. గూగుల్ ఇంజినీర్లు లక్షకు పైబడిన డిస్కులను పరిశీలించి 2007లో ప్రకటించిన వ్యాసమున రెండు సంగతులు తేలినవి. స్కానులో మొదటి దోషము కనబడిన డిస్కు, అట్టి దోషములేని డిస్కుకంటె, తరువాతి 60 దినములలో చెడుటకు 39 రెట్లు ఎక్కువ యవకాశము గలది. అయినను చెడిపోయిన డిస్కులలో సగమునకు మించి, అనగా నూటికి 56, ప్రధానమైన నాలుగు సూచనలలో ఒక్కదానినైనను చూపకయే చెడినవి. కనుక హెచ్చరిక వచ్చినప్పుడు నమ్మవలెను, రాలేదని నిశ్చింతగా నుండరాదు.

మేనమామ: మా వీధిలో నొకరు డిస్కును ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రిజ్‌లోని మంచుగదిలో ఒకరాత్రి యుంచిన బాగుపడునని చెప్పిరి. మరియొకరు మూత విప్పి హెడ్డును కొంచెము కదల్చుమనిరి.

మేనల్లుడు: ఎన్నడో పాత డిస్కులలో కదలక పట్టుకొనిపోయిన భాగములు చల్లదనమునకు సడలి, కొంతసేపు పనిచేసిన సందర్భములుండెను, ఆ మాట అక్కడనుండి వ్యాపించినది. బయటికి తీసినంతనే లోపల తేమ పట్టును. నానోమీటర్ల యెడములో నీటిబొట్టు పడినచో ఇక చెప్పనేల? మూత విప్పుట అంతకన్న ఘోరము. ఆ పనిచేయు గదులలో ఘనపుటడుగు గాలికి అర మైక్రాను మొదలుకొని పైబడిన ధూళికణములు నూటికి మించకుండ చూతురు. అక్కడ అదే మోడలుకు చెందిన వేరొక డిస్కునుండి హెడ్డు తెచ్చి అమర్చుదురు. పైనున్న సర్క్యూటు పలక మార్చిన చాలుననుకొనుటయు భ్రమయే; ఒక్కొక్క డిస్కుకు కర్మాగారమున సరిచూచి వ్రాసిన విలువలు ఆ పలకమీది చిప్పులో నుండును, దానినికూడ క్రొత్త పలకకు మార్చవలెను. డిస్కును కంప్యూటరు గుర్తింపనే గుర్తింపక, ఎడతెగక టిక్కుటిక్కుమనుచున్నచో కరెంటు తీసివేసి అట్టివారికే యప్పగింపవలెను. మీ డిస్కు ఇంకను గుర్తింపబడుచున్నది గనుకనే మన మిట్లు వాదించుకొను నవకాశము కలిగినది.

మేనమామ: వారు మాత్రము చచ్చినదానిని బ్రతికింపగలరా?

మేనల్లుడు: కొలంబియా వ్యోమనౌక సంగతి మీరెరుగుదురు, 2003 ఫిబ్రవరి 1న ఆకాశముననే విచ్ఛిన్నమై కల్పనా చావ్లాతో కూడ ఏడుగురిని బలిగొన్నది. దానిలో జీనాన్ వాయువు స్నిగ్ధతను పరిశీలించు ప్రయోగమొకటి జరిగెను. ఆ ప్రయోగపు ఫలితములున్న 340 మెగాబైట్ల డిస్కు టెక్సాసులో ఎండిన చెరువుగర్భమున దొరకినది. అంత యెత్తునుండి పడి, కాలి, మూత సందులలో మట్టి చేరినను, మినియాపోలిస్ ప్రాంతపు డేటా రికవరీ నిపుణులు పళ్ళెరములను రసాయనముతో కడిగి, క్రొత్తగా కూర్చిన డిస్కులో నమర్చి, నూటికి 99 పాళ్ళు రాబట్టిరి. ఆ ప్రయోగ ఫలితములు 2008లో ప్రకటితమైనవి. కాని అదే నౌకలోని మరి రెండు డిస్కులనుండి ఏమియు రాలేదు. దక్కిన డిస్కు సగమే నిండియుండెను. డాస్ అను పాత పద్ధతి సమాచారమును చెదరనీయక ఒకచోటనే పేర్చెను. పళ్ళెరమునకు తగిలిన గాయములు వ్రాతలేని భాగమున పడెను.

మేనమామ: చూచితివా! అక్కడను దక్కినది డిస్కు కాదు, వ్రాత యున్నచోటు. ఎక్కడేమున్నదో తెలిసికొనుటయే ముఖ్యమన్న నా మాటకే అది సాక్ష్యము. పోనిమ్ము. పట్టికయు నశించినదనుకొనుము, అప్పుడు నా చిత్రములు దొరకునా?

మేనల్లుడు: చిత్రములు దొరకును, పేర్లు దొరకవు. జేపీఈజీ చిత్రము ప్రతిదియు ఎఫ్ఎఫ్, డీ8, ఎఫ్ఎఫ్ అను మూడు బైట్లతో మొదలగును. ఫోటోరెక్ వంటి ప్రోగ్రాములు ప్రతియంతయు గాలించి, ఆ గుర్తు కనబడినచోటనుండి చిత్రమును వేరుచేయును. ముక్కలై చెదరియున్న ఫైళ్ళు మాత్రము పూర్తిగా రావు.

మేనమామ: దొరకినచోటు తెలియని శాసనము చరిత్రకారునకు సగము వ్యర్థము నాయనా. ఊరిపేరు ఫోల్డరుమీదనే వ్రాసియుంచితిని.

మేనల్లుడు: కెమేరా ప్రతి చిత్రములోపలను తీసిన తేదీయు సమయమును వ్రాసియుంచును; ఫోనుతో తీసినవానిలో స్థలము గుర్తించు అంకెలుకూడ ఉండవచ్చును. మీ దినచర్య పుస్తకముతో ఆ తేదీలు పోల్చినచో ఊళ్ళు తేలును.

మేనమామ: ఇక కడపటి ప్రశ్న. అన్నియు చేసిన పిమ్మటను రాని సెక్టార్లు కొన్ని మిగులును గదా. వానిని నీ ప్రోగ్రాము దేనితో నింపును?

మేనల్లుడు: ప్రతిలో ఆ చోట్లు ఖాళీగా మిగులును. కావలెనన్నచో మ్యాప్‌ఫైల్ ననుసరించి వానిలో మనమెరిగిన గుర్తుమాట యొకటి నింపి, ఆ మాట యే ఫైళ్ళలో కనబడినదో వెదకి, కొరతపడిన చిత్రముల జాబితా చేయవచ్చును. ఆ తరువాత అక్కడితో ఆగుట మంచిదని నా యభిప్రాయము. రానివానికై డిస్కును ఇంకను పీడించుట నిష్ప్రయోజనము.

మేనమామ: ఇక్కడ నీతో నేకీభవింపను. తక్కినదంతయు ప్రతిలో చేరిన పిమ్మట ఆ డిస్కు ఆయువు ఎవరికొరకు మిగుల్చవలెను? ఉన్నదంతయు ఆ శేషముకొరకే వ్యయపరచుటలో నష్టమేమి?

మేనల్లుడు: ప్రయోగశాలకు పంపు నుద్దేశము లేనిచో నష్టము లేదు. పంపదలచినచో మాత్రము, క్షీణించిన హెడ్డు పళ్ళెరమును గీరినదేని, వారు క్రొత్త హెడ్డు పెట్టినను చదువుటకు ఏమియు మిగులదు. ప్రయోగశాల ఖర్చు కూడ స్వల్పము గాదు. ఆ నిర్ణయము మీరే చేయవలెను.

మేనమామ: అయినచో నిర్ణయింపవలసినది డిస్కును చూచి గాదు, నీవు చెప్పిన జాబితాను చూచి. దానిలోని శాసనములలో, గుడిగోడలమీద నేటికిని నిలిచియున్నవానికై ఒక్క రూపాయియు వెచ్చింపను. బస్సెక్కి పోయి మరల చిత్రము తీసికొందును, డిస్కును అది చచ్చువరకు నీవు చదివింపుము. గండికోట జలాశయపు ముంపులో పోయిన యూళ్ళలో తీసిన చిత్రమొక్కటియైన ఆ జాబితాలో చేరినచో, నీవు డిస్కును ముట్టరాదు. ఖర్చెంతైనను ప్రయోగశాలకే పోవలెను. ఇప్పుడు బజారునకు పోయి రెండు క్రొత్త డిస్కులు తెమ్ము; ఆ ముంపు ఊళ్ళ ఫోల్డరుతోనే పని మొదలుపెట్టుము.

మేనల్లుడు: మాస్టర్ ఫైల్ టేబుల్ తీసిన పిమ్మట, మామయ్యా.

మేనమామ: ఆ పిమ్మటనే. కాని అంతవరకు ఈ తెరమీది ప్రశ్నకు 'వద్దు' అని నీవే నొక్కుము.